మూతబడిన విమానక్షేత్రములు

మన గుంటూరు, ప్రకాశము సీమలో విమానముల చరిత్రకు సంబంధించిన రెండు బాటలు కలవు. మొదటిది క్రొత్తది. 16వ నెంబరు జాతీయ రహదారిపై కొరిశపాడు మండలములోని పిచ్చికలగుడిపాడు వద్ద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు గల రోడ్డును అత్యవసర సమయములందు విమానములు దిగుటకు అనువుగ నిర్మించిరి. 2024 మార్చి 18న భారత వైమానిక దళపు రవాణా విమానములు ఆ రోడ్డుపై దిగి, మరల లేచిపోయినవి. రెండవది పాతది. గుంటూరు నుండి గుంతకల్లు పోవు రైలు మార్గముపై దొనకొండ యను ఊరు ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానములు దిగి ఇంధనము నింపుకొనుటకై ఆంగ్ల ప్రభుత్వము అచ్చట నూటముప్పది ఎకరములకు పైబడిన స్థలములో ఒక విమానక్షేత్రమును ఏర్పరచెను. యుద్ధము ముగిసినది, విమానముల రాక తగ్గినది, చాలకాలముగ అది పాడుపడి యున్నది.

ఒకచోట లారీలు నడచు బాటను విమానములకు సిద్ధపరచిరి. మరియొకచోట విమానములకై వేసిన బాటపై గడ్డి మొలిచినది. ఒక విమానక్షేత్రము ఎందుకు పుట్టును, ఎందుకు మూతబడును అను ప్రశ్నకు సమాధానము కొంత భౌతికశాస్త్రములోను, కొంత రవాణా చరిత్రలోను, కొంత భూమి ధరలోను ఉన్నది. తెలుగుదేశములోని కొన్ని విమానక్షేత్రముల కథను ఆధారముగ గొని ఈ మూడింటిని పరిశీలింతము.

చిన్న విమానక్షేత్రమనగా నేమి?

విమానాశ్రయమనగానే గాజు గోడల భవనములు, వందలాది ప్రయాణికులు, గంట గంటకు వచ్చిపోవు పెద్ద విమానములు మనకు స్ఫురించును. పొన్నూరు, బాపట్ల ప్రాంతములవారికి తెలిసిన గన్నవరము నేడు అట్టిదే. కాని ప్రపంచములోని విమానక్షేత్రములలో అధిక భాగము ఇట్టివి కావు. అచ్చట టిక్కెట్లు అమ్మరు, రాకపోకల పట్టిక ఉండదు. విమానము నడుపుట నేర్చుకొనువారు, రోగులను తరలించువారు, పైరులపై మందు చల్లువారు, పైనుండి నేలను ఫోటోలు తీసి పటములు తయారుచేయువారు, సొంత పనులపై పోవువారు వాటిని ఉపయోగింతురు. ఈ పనులన్నిటిని కలిపి జనరల్ ఏవియేషన్ అందురు. రహదారులలో జాతీయ రహదారి ఉన్నట్లే పొలము బాట కూడ ఉన్నది గదా! ఆకాశ రవాణాలో ఈ చిన్న క్షేత్రములు పొలము బాటల వంటివి.

ఇట్టి క్షేత్రమునకు ముఖ్యముగ కావలసినవి నాలుగు: తిన్నని, గట్టి రన్‌వే, దాని రెండు చివరల ఎత్తైన కట్టడములు లేని ఖాళీ, గాలి దిశను తెలుపు గుడ్డసంచి, మనుష్యులు, పశువులు లోనికి రాకుండ కంచె. చూచుటకు ఇది స్వల్పమే. కాని మొదటి రెండింటిని ఒకసారి పోగొట్టుకొన్నచో మరల సంపాదించుట ఎంత కష్టమో ముందు చూడగలము.

విమానములు మజిలీలు చేసిన కాలము

1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా ఒక చిన్న పుస్ మాత్ విమానములో తపాలా సంచులతో కరాచీ నుండి బయలుదేరి అహమ్మదాబాదు మీదుగ బొంబాయి చేరెను. అక్కడి నుండి నెవిల్ విన్సెంట్ ఆ తపాలాను బళ్ళారి మీదుగ మదరాసుకు కొనిపోయెను. బొంబాయి, మదరాసుల నడుమ బళ్ళారిలో దిగవలసిన పని ఏమి? నాటి విమానము మోయగల పెట్రోలు స్వల్పము, వేగమును స్వల్పమే. పూర్వము ఎడ్ల బండ్లలో పోవువారు మజిలీ మజిలీకి ఆగినట్లే ఆ విమానములు కూడ నడుమ నడుమ ఆగుచుండెడివి. మజిలీ ఉన్నచోట ఒక మైదానము, కొన్ని పెట్రోలు డబ్బాలు, ఒకరిద్దరు పనివారు ఉండవలెను. చిన్న విమానక్షేత్రములలో పెక్కింటికి ఇదియే పుట్టుక.

ఆ దినములలోనే హైదరాబాదు సంస్థానములో వైమానిక రవాణాపై శ్రద్ధ పెరిగినది. వరంగల్లు సమీపమున మామునూరులో 1930 ప్రాంతమున నిజాము ప్రభుత్వము ఒక విమానక్షేత్రమును ఏర్పరచినది. అచ్చట నేసిన బట్టలకు పేరొందిన ఆజం జాహి మిల్లు, ఉత్తరమున సిర్పూరు కాగితపు మిల్లు వంటి పరిశ్రమలకు అది ఉపకరింపగలదని తలచిరి. ఆ క్షేత్రమునకు నాడు 1,875 ఎకరముల భూమి ఉండెను. విస్తీర్ణమును బట్టి స్వాతంత్ర్యమునకు పూర్వము మన దేశములోని మిక్కిలి పెద్ద విమానక్షేత్రములలో దానిని లెక్కించుచుందురు. హైదరాబాదులోని బేగంపేట క్షేత్రము కూడ ఇట్లే చిన్నదిగ మొదలైనది. 1930 తరువాతి సంవత్సరములలో విమానము నడుపుట నేర్పు ఏరో క్లబ్బు అచ్చట వెలసినది. సంస్థానపు రైల్వే శాఖయే విమానములను కూడ నడపుటకు పూనుకొనుట ఒక విశేషము. 1945లో నిజాము రైల్వే, టాటా సంస్థ కలిసి డక్కను ఎయిర్‌వేస్ అను కంపెనీని స్థాపించినవి. డకోటా విమానములు దాని ముఖ్య సాధనములు. 1953లో దేశములోని విమాన కంపెనీలను జాతీయము చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది.

తూర్పు తీరమున కథ వేరు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. యుద్ధకాలమున తీరాంధ్రములోను, దాని వెనుకనున్న మెట్ట ప్రాంతములోను సైనిక విమానక్షేత్రములు వెలసినవి. గన్నవరము, తాడేపల్లిగూడెము, దొనకొండ ఇట్టివి. వాటిని నిర్మించినవారు రేపటి ప్రయాణికులను తలచి కట్టలేదు. నాటి యుద్ధావసరమునకు కట్టిరి. అందుచేత యుద్ధము ముగిసిన వెంటనే వీటి ముందు ఒక ప్రశ్న నిలిచినది: ఇక ఎవరికొరకు?

రన్‌వే పొడవు లెక్క

ఈ క్షేత్రములు కొన్ని బ్రదికి, కొన్ని మూతబడుటకు మొదటి కారణము విమానములోనే ఉన్నది. ఉన్నత పాఠశాల విద్యార్థులు సైతము దీనిని లెక్కవేసి తెలిసికొనవచ్చును.

విమానపు రెక్కపై పనిచేయు, పైకెత్తు బలము గాలి సాంద్రతను బట్టియు, వేగము యొక్క వర్గమును బట్టియు, రెక్క వైశాల్యమును బట్టియు ఉండును. ఈ బలము విమానపు బరువును మించినప్పుడు విమానము నేలను వదలును. బరువు హెచ్చినకొలది, రెక్క వైశాల్యము ఆ మేరకు పెరగనిచో, వేగము హెచ్చవలెను. ఇక నిశ్చల స్థితి నుండి బయలుదేరిన వస్తువు సమ త్వరణముతో ఒక వేగమును అందుకొనుటకు పోవలసిన దూరము, ఆ వేగపు వర్గమును త్వరణమునకు రెండు రెట్లతో భాగింపగా వచ్చును.

శిక్షణకు వాడు ఒక చిన్న విమానము సెకనుకు 30 మీటర్ల వేగమున లేచునని, దాని త్వరణము సెకను వర్గమునకు 1.5 మీటర్లని అనుకొందము. 900ను 3తో భాగించిన 300 మీటర్లు. ఒక జెట్ విమానము సెకనుకు 75 మీటర్ల వేగమున లేచునని, త్వరణము 2 మీటర్లని అనుకొందము. 5,625ను 4తో భాగించిన సుమారు 1,406 మీటర్లు. వేగము రెండున్నర రెట్లే పెరిగినది. దూరము నాలుగున్నర రెట్లకు మించినది. పైగా పరుగు నడుమ ఇంజను ఒకటి ఆగిపోయినచో విమానము ఆగుటకు గాని, మిగిలిన ఇంజనుతో లేచుటకు గాని చోటు మిగిలి యుండవలెను. కనుక పెద్ద జెట్ విమానములకు రెండువేల మీటర్లు, అంతకు మించిన రన్‌వేలు కావలసి వచ్చుచున్నవి.

ఎండ కూడ లెక్కలోనికి వచ్చును. ప్రమాణముగ తీసికొను ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. నిరపేక్ష మానములో 288. మన సీమలో మే నెల మధ్యాహ్నము 42 డిగ్రీలన్నచో 315. పీడనము మారనిచో గాలి సాంద్రత 288ని 315తో భాగించినంత, అనగా 0.914 వంతుకు తగ్గును. గాలి పలుచనైన కొలది ఎక్కువ వేగము కావలెను; పైన చెప్పిన 1,406 మీటర్లు సుమారు 1,540 మీటర్లగును. వేడిగాలిలో ఇంజను బలము తగ్గుట దీనికి అదనము. లండను పరిసరములలో సరిపోవు రన్‌వే పొడవు మన వేసవికి చాలకపోవుట ఇందుచేతనే.

ఇక బరువు సంగతి. గుంటూరు యార్డుకు వచ్చు మిరప టిక్కీ ఒకటి 40 కిలోలని తీసికొందము. నాటి శిక్షణ విమానము టైగర్ మాత్ నిండు బరువు సుమారు 830 కిలోలు, అనగా దాదాపు 21 టిక్కీలు. డకోటా 11 టన్నులకు పైన, అనగా ఇంచుమించు 285 టిక్కీలు. నేడు చిన్న పట్టణములకు తిరుగు ఏటీఆర్-72 సుమారు 23 టన్నులు, అనగా 575 టిక్కీలు. ఎయిర్‌బస్ ఏ-320 దాదాపు 78 టన్నులు, అనగా 1,950 టిక్కీలు. ఈ బరువంతయు కొద్ది చక్రములపై నిలిచి, ఒక్కసారిగ నేలను తాకును. పచ్చిక మైదానము టైగర్ మాత్‌ను భరించును. తక్కినవాటికి కంకర, సిమెంటు, తారు పొరలు కావలెను.

మన నల్లరేగడి నేలలలో ఇది మరింత చిక్కు. ఈ మట్టిలోని సన్నని బంకరేణువులు పొరలు పొరలుగ ఉండి, ఆ పొరల నడుమకు నీటిని పీల్చుకొని ఉబ్బును. ఎండలో నీరు పోగా కుంచించి పగులును. వేసవిలో పత్తి చేలలో నెర్రెలు విచ్చుట రైతుబిడ్డలందరు చూచినదే. ఇట్టి నేలపై రన్‌వే వేయవలెనన్న పైమట్టిని తీసివేసి, గ్రావెల్ పోసి, నీరు నిలువకుండ ఇరువైపుల కాలువలు త్రవ్వి, అటుపైన పొరలు పరవవలెను. తరువాత ఏటేట కనిపెట్టుచుండవలెను. ఎవరును చూడని రన్‌వేలో తారు ఎండకు పెళుసుబారి పగులును. ఆ పగుళ్ళలో వాననీరు దిగును. నీటి వెంట గడ్డి వేరులు దిగును. రాకపోకలు లేని రన్‌వే కొన్ని వానకాలములకే పనికిరాకుండ పోవుటలో ఆశ్చర్యము లేదు.

మామునూరు ఎందుకు ఆగిపోయినది?

విమానము బలిసిన కొలది రెండు మార్పులు వచ్చినవి. అది దిగుటకు పొడవైన రన్‌వే కావలెను; కాని అది నడుమ ఆగకుండ దూరము పోగలదు. బొంబాయి నుండి మదరాసు పోవునది బళ్ళారిలో దిగనక్కరలేదు. ఈ విధముగ మజిలీ క్షేత్రములకు పుట్టుకనిచ్చిన కారణమే తొలగిపోయినది. దొనకొండ వంటివి ముందుగ వాడుక తప్పుటకు ఇది చాలును.

మామునూరు మజిలీ మాత్రమే కాదు. వరంగల్లు పెద్ద పట్టణము. అయినను 1980 దశకము గడచుసరికి అచ్చట ప్రయాణికుల రాకపోకలు నిలిచిపోయినవి. వరంగల్లు నుండి హైదరాబాదు రోడ్డున సుమారు 145 కిలోమీటర్లు. కాజీపేట దక్షిణ భారతములోని ముఖ్యమైన రైలు జంక్షన్లలో ఒకటి. రైలు రెండున్నర గంటలలో చేర్చుననుకొందము. విమానము గాలిలో అరగంటయే యుండును. కాని ఊరి నుండి క్షేత్రమునకు అరగంట, అచ్చట తనిఖీకి, కూర్చుండుటకు ఒక గంట, దిగిన తరువాత నగరము చేరుటకు అరగంట. అంతయు కలిపిన మరల రెండున్నర గంటలే. టిక్కెట్టు ధర మాత్రము రైలుకు ఎన్నో రెట్లు. విమానము ఎత్తు ఎక్కునప్పుడే ఎక్కువ ఇంధనము మండును. పొట్టి ప్రయాణములో ఆ ఖర్చును పంచుకొను కిలోమీటర్లు తక్కువ. విమానము దూరమునకు చవుక, దగ్గరకు ప్రియము. 150 కిలోమీటర్ల దూరములో మంచి రైలు ఉన్నచోట చిన్న విమానక్షేత్రము నిలుచుట కష్టమను సూత్రము ప్రపంచమంతట కనబడును.

ఇట్టి మూతకు తేదీ ఉండదు. ఒక సంవత్సరము విమానములు తగ్గును; మరుసటి సంవత్సరము పెట్రోలు నిలువ ఉంచరు; అగ్నిమాపక బండి వేరుచోటికి పోవును; కంచె తెగిన చోట బాగుచేయరు. మామునూరు భూమి కూడ ఇట్లే క్రమముగ తరిగినది. పోలీసు శిక్షణ కళాశాల మొదలగు ఇతర అవసరములకు పోగా 1,875 ఎకరములలో విమానాశ్రయముల సంస్థ చేతిలో చివరకు మిగిలినది 696 ఎకరములు. ప్రతి అవసరము విడిగ చూచిన న్యాయమైనదే. కాని ఖాళీగ ఉన్నది గనుక ఇచ్చివేయవచ్చును అను ఆలోచనతోనే నూటికి అరువదికి పైగా భూమి చేయి దాటినది.

ఊరు చుట్టుకొన్న క్షేత్రము

బేగంపేటకు వచ్చిన కష్టము దీనికి సరిగ వ్యతిరేకము. అచ్చట విమానములు తగ్గలేదు, పెరిగినవి. 1972లో క్రొత్త ప్రయాణికుల భవనము కట్టిరి. రన్‌వే 3,200 మీటర్లకు పైగా పెరిగినది. కాని క్షేత్రము పుట్టినప్పుడు దూరముగ ఉండిన నగరము దానిని నలువైపుల చుట్టుకొన్నది. రన్‌వే చివరల ఖాళీ ఎందుకు ముఖ్యమో ఇచ్చట తెలియును. పెద్ద విమానము దిగునప్పుడు దాని క్రింద రమారమి 50 మీటర్ల దూరమునకు 1 మీటరు చొప్పున ఏటవాలుగ ఒక ఊహాతలమును గీచి, ఏ కట్టడమును దానిని దాటరాదని నియమింతురు. అనగా రన్‌వే చివరి నుండి 1 కిలోమీటరు దూరమున 20 మీటర్లకు, 3 కిలోమీటర్ల దూరమున 60 మీటర్లకు మించిన మేడ ఉండరాదు. నగరము ఎదుగదలచును, విమానము ఎదుగనీయదు.

హైదరాబాదునకు దక్షిణమున శంషాబాదు వద్ద 4,260 మీటర్ల రన్‌వేతో క్రొత్త విమానాశ్రయమును కట్టి, 2008 మార్చి 23 నుండి ప్రయాణికుల విమానములన్నిటిని అచ్చటికి మార్చిరి. దానికి ముందు ఆ మాసములోనే బేగంపేట, బెంగుళూరు పాత విమానాశ్రయముల మూతకు నిరసనగ విమానాశ్రయముల సంస్థ ఉద్యోగులు దేశవ్యాప్తముగ సమ్మె చేసిరి. మూత ఆగలేదు. అయితే బేగంపేట పూర్తిగ మూతబడలేదు. శిక్షణ విమానములు, ప్రభుత్వ ప్రముఖుల విమానములు, సైనిక విమానములు, వైమానిక ప్రదర్శనలు అచ్చట మిగిలినవి. ఏరో క్లబ్బుతో మొదలైన క్షేత్రము ఏడు దశాబ్దముల తరువాత చిన్న విమానముల పనికే మరలి వచ్చినది.

ఈ మార్పు వెనుక ఒక ఒడంబడిక ఉన్నది. క్రొత్త విమానాశ్రయమును నిర్మించు సంస్థకు, కేంద్ర ప్రభుత్వమునకు 2004లో కుదిరిన ఒప్పందము ప్రకారము, అది మొదలైన నాటి నుండి 25 సంవత్సరముల వరకు 150 కిలోమీటర్ల లోపల మరియొక ప్రయాణికుల విమానాశ్రయమును రానీయరాదు. వేలకోట్లు ఖర్చుపెట్టువారు ఇట్టి హామీ కోరుట వ్యాపార ధర్మమే. కాని ఆ 150 కిలోమీటర్ల వలయములో మామునూరు కూడ పడినది. మొదట రైలు వలన ఆగిన క్షేత్రము, తరువాత ఒక కాగితము వలన ఆగినది. 2017లో ఉడాన్ పథకము క్రింద చిన్న పట్టణములకు విమానములు మొదలైనప్పుడు వరంగల్లు ప్రజలు తమ క్షేత్రమును తలచుకొనుట సహజమే.

ఒక్క రాత్రిలో మూత

విమానక్షేత్రములు ఇట్లు నెమ్మదిగనే గాక ఒక్కసారిగ కూడ మూతబడును. ఇందుకు అమెరికాలోని చికాగో నగరము ప్రసిద్ధ ఉదాహరణము. మిచిగన్ సరస్సులో పూడ్చి చేసిన నేలపై 1948లో మీగ్స్ ఫీల్డ్ అను చిన్న క్షేత్రము మొదలైనది. 3,900 అడుగుల ఒకే రన్‌వే. నగర వ్యాపారులు, వైద్య విమానములు, ఔత్సాహికులు దానిని వాడుచుండిరి. నగర మేయరు రిచర్డ్ ఎమ్. డేలీ ఆ స్థలమును ఉద్యానవనము చేయదలచెను. ఏండ్ల తరబడి వివాదము నడచినది. 2003 మార్చి 30 అర్ధరాత్రి వేళ నగరపాలకులు బుల్డోజర్లను పంపి రన్‌వే నడుమ పెద్ద పెద్ద గుణకారపు గుర్తులు త్రవ్వించిరి. తెల్లవారునప్పటికి అచ్చట నిలిపియున్న 16 విమానములు చిక్కుకొనిపోయినవి. ముందుగ తెలుపనందుకు నగరమునకు 33,000 డాలర్ల జరిమానా పడినది. విమానాశ్రయ నిధుల నుండి వాడిన 10 లక్షల డాలర్లను తిరిగి చెల్లింపవలసి వచ్చినది. ఇట్టి పనికి జరిమానాను రోజుకు 10,000 డాలర్ల వరకు పెంచుచు అమెరికా చట్టమును సవరించిరి. క్షేత్రము మాత్రము తిరిగి రాలేదు. నేడు అచ్చట ఉద్యానవనమే యున్నది.

ఉద్యానవనము చెడ్డదనుట కాదు. జర్మనీలో బెర్లిన్ నగరపు నడిబొడ్డున ఉండిన టెంపెల్‌హాఫ్ విమానాశ్రయమును 2008 అక్టోబరు 30న మూసిరి. తరువాత దాని అంచున ఇండ్లు కట్టదలచినప్పుడు 2014 మే 25న ప్రజలు ఓటు వేసి, మైదానమంతయు ఖాళీగనే ఉండవలెనని నిర్ణయించిరి. రన్‌వేలపై నేడు పిల్లలు సైకిళ్ళు తొక్కుదురు. మీగ్స్ విషయమున గమనింపవలసినది వేరు. అచ్చట నష్టపోవువారి మాట వినుటకు ముందే రన్‌వే పోయినది. టెంపెల్‌హాఫ్‌లో భూమి ఏమి కావలెనో ప్రజలను అడిగిరి.

తిరిగి తెరచుట

మూతబడినవన్నియు శాశ్వతముగ పోలేదు. రాయలసీమలో కడప విమానక్షేత్రము 1953లో ఏర్పడి, చాలకాలము మూలబడి యుండెను. రన్‌వేను బాగుచేసి, భవనము కట్టి 2015 జూన్ 7న మరల తెరచిరి. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము మొదలైన దినమున బయలుదేరిన విమానములలో కడప, హైదరాబాదుల నడుమ నడచినది ఒకటి. గన్నవరము సైతము ఒకప్పుడు రాకపోకలు లేక వెలవెలబోయినదే. 2003లో చిన్న ఏటీఆర్ విమానములతో హైదరాబాదు సర్వీసు మొదలైన తరువాత తిరిగి పుంజుకొన్నది. ఈ రెండు చోట్లను భూమి చెక్కుచెదరక మిగిలియుండుట ముఖ్య కారణము. తాడేపల్లిగూడెములో అట్లు కాలేదు. యుద్ధకాలపు రన్‌వే చుట్టును పట్టణము పెరిగి, ఆ స్థలము ఇతర అవసరములకు పోయినది.

ఇక మామునూరు. హైదరాబాదు విమానాశ్రయ సంస్థ అభ్యంతరము లేదని తెలుపగా, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర ప్రభుత్వము మామునూరును తిరిగి అభివృద్ధి చేయుటకు అనుమతినిచ్చినది. పెద్ద విమానములు దిగుటకు ఉన్న 696 ఎకరములు చాలవు. మరి 253 ఎకరములు సేకరించుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో 205 కోట్ల రూపాయలు కేటాయించినది. 205 కోట్లను 253తో భాగించి చూడుడు: ఎకరమునకు సగటున 81 లక్షలు. ఒకప్పుడు ఆ క్షేత్రమునకే 1,179 ఎకరములు అదనముగ ఉండినవి. అవి తిరిగి రావు. వాటిపై భవనములు, సంస్థలు ఉన్నవి. కనుక చుట్టునున్న రైతుల పొలములే తీసికొనవలసి వచ్చినది. పొలము పోవు రైతులు తగిన పరిహారము కొరకు ఆందోళన చేసిరి. గడచిన తరము తెలియక చేసిన పనికి నేటి రైతు తన నేలతో వెల చెల్లించుచున్నాడు. విమానక్షేత్రపు మూతలో నష్టము విమానమెక్కువారిదే అనుకొనుట సరికాదని దీనివలన తెలియుచున్నది.

ఆజం జాహి మిల్లు కథను దీని ప్రక్క పెట్టి చూడవచ్చును. మనవలెనే పత్తి పండించు సీమలో 1934లో వెలసిన ఆ మిల్లు 2002లో మూతబడినది. దాని స్థలము ఇండ్ల స్థలములుగ మారినది. మిల్లు మరల కావలెనన్నను వేరొక చోట కట్టవచ్చును; నూలు వడకుటకు తిన్నని మూడు కిలోమీటర్ల నేల, దానిపై ఖాళీ ఆకాశము అక్కరలేదు. విమానక్షేత్రమునకు ఆ రెండును కావలెను. ఊరు పెరిగిన కొలది అట్టి చోటు ఊరికి దూరమగును. దూరమైన కొలది చిన్న విమానములకు దానివలన ప్రయోజనము తగ్గును.

కనుక ఒక చిన్న క్షేత్రమును నడుపుటయా మానుటయా అను ప్రశ్నను, దాని భూమిని పంచివేయుటయా ఉంచుటయా అను ప్రశ్నను వేరు వేరుగ చూడవలెను. ప్రయాణికులు లేనప్పుడు విమానములను నిలుపుట తప్పు కాదు. ఎవరి డబ్బుతోనో ఖాళీ విమానములను నడపుట తగదు. కాని నేలను మొత్తముగ ఉంచుటకు పెద్ద ఖర్చు లేదు. కంచె, కాలువలు, రన్‌వే చివరల కట్టడములపై అదుపు, ఈ మూడు చాలును. వరదలు, తుపానులు తరచుగ వచ్చు మన తీరమునకు విమానములు దిగగల గట్టి నేల ఎప్పుడు అవసరమగునో ముందుగ చెప్పలేము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మన పెద్దలు మరచిపోలేదు. రోడ్లు తెగిపోయిన దినమున అన్నము, మందులు చేర్చు మార్గములలో ఆకాశము ఒకటి. పిచ్చికలగుడిపాడు వద్ద రోడ్డునే రన్‌వేగా మలచుటలో ఉన్న యోచన కూడ ఇట్టిదే.

దొనకొండ భవిష్యత్తును గూర్చి 2014 తరువాత పలు ఆలోచనలు సాగినవి. రాష్ట్ర రాజధాని ఎచ్చట ఉండవలెనను చర్చలో ఆ ఊరి పేరు కూడ వినబడినది. అచ్చట విమానములు మరల దిగునో లేదో ఆర్థిక పరిస్థితులు నిర్ణయించును. అంతవరకు ఉపాధ్యాయులు దానిని ఒక పాఠముగ ఉపయోగించుకొనవచ్చును. ఉపగ్రహ చిత్రముపై ఆ రన్‌వే పొడవును విద్యార్థుల చేత కొలిపింపవచ్చును. పైన చెప్పిన సూత్రముతో మే నెల ఎండలో ఎంత వేగమున లేచు విమానము అచ్చట నుండి ఎగురగలదో లెక్కవేయింపవచ్చును. రన్‌వే రెండు చివరల ఏ దూరమున ఎంత ఎత్తుగల కట్టడములు ఉన్నవో గుర్తింపజేసి, 50కి 1 అను ఏటవాలును అవి దాటుచున్నవా యని చూడవచ్చును. ఈ మూడు లెక్కలు పూర్తియగునప్పటికి ఆ పాత బాట నేటికిని దేనికి పనికివచ్చునో, దేనికి పనికిరాదో విద్యార్థులకు స్పష్టముగ తెలియును.